నాన్న ఎక్కడున్నాడు?

(మాస్టారి స్మారక సభలో చేసిన ప్రసంగానికి అచ్చు ప్రతి)

మాస్టారి పిల్లలు, మనవలు, ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు, మా గల్లీవాళ్లు, ఇంతమంది ఈ చిన్న హాల్లో ఎలా పట్టారో నాకు అర్థం కావడం లేదు. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కింద కూర్చోండి. ఆయన క్లాసులోనూ మేం అలాగే కూర్చున్నాం.

నన్ను సత్యం గురించి మాట్లాడమన్నారు. అంత పెద్ద మాటకు నా నోరు చాలదు. నలభై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పుకొని బతికినవాణ్ణి, ఇరవై ఏళ్లుగా అమీర్‌పేటలో హాస్టల్ నడుపుతున్న మనిషికి భర్తను. కాబట్టి పిల్లలు ఇంట్లో ఆడే అబద్ధం గురించి చెబుతాను. అది నాకు బాగా తెలిసిన సంగతి. ఆడినవాడిగానూ తెలుసు, విన్నవాడిగానూ తెలుసు.

1971లో మాస్టారు మాకు ‘నాన్నా, పులి’ కథ చెప్పారు. కథ మీకందరికీ తెలుసు. గొర్రెలు కాసే పిల్లవాడు రెండుసార్లు ఉత్తుత్తినే పులి వచ్చిందని కేక వేస్తాడు, నాన్న రెండుసార్లూ పరిగెత్తుకొస్తాడు, మూడోసారి నిజంగా పులి వస్తే నాన్న రాడు. కథ అయ్యాక మేమంతా ఒక్క గొంతుతో నీతి అప్పజెప్పాం. ఆయన చేత్తో ఆపి, “అది సరేరా. పిల్లవాడు కేక వేసినప్పుడు ఆ నాన్న ఎక్కడున్నాడు?” అన్నారు. పక్క చేలో పని చేసుకుంటున్నాడు సార్, అన్నాం. “పులి లేదని తెలిశాక ఏం చేశాడు?” తిట్టి వెళ్లిపోయాడు సార్. “మొదటిసారి వచ్చినప్పుడు తిట్టకుండా కాసేపు ఆ చెట్టు కింద కూర్చుని ఉంటే?” మాకెవరికీ జవాబు తోచలేదు. ఇంతలో గంట కొట్టారు. నాకు మటుకు ఆ క్లాసు ఇప్పటికీ అయిపోలేదు.

ఈ కథ మనది కాదు, గ్రీకులది. ఈసపు కథల్లోది. సామోస్ ద్వీపంలో ఈసపు బానిసగా బతికాడని హెరొడోటస్ రాశాడు. గ్రీకు కథలో కాపరి తోడేళ్లు వచ్చాయని అరుస్తాడు, పరిగెత్తుకొచ్చేది ఊరివాళ్లు. అందులో నాన్న లేడు. కథ మన దగ్గరికొచ్చేసరికి తోడేలు పులి అయింది. అదేమంత విశేషం కాదు, భయపెట్టడానికి మనకు పులి కావాలి. ఊరు పోయి దాని స్థానంలో నాన్న రావడమే నాకు వింతగా ఉంటుంది. పేరులోనే పిలుపు ఉంది చూడండి. గ్రీకు పిల్లవాడు ఊరిని మోసం చేశాడు, ఊరు దూరమైంది, లెక్క సరిపోయింది. తెలుగు పిల్లవాడు నాన్నను మోసం చేశాడు. ఆ అబద్ధం రాత్రి కంచాల దగ్గర మళ్లీ ఎదురవుతుంది.

నా అబద్ధం సారథీ స్టూడియోస్ గేటు దగ్గర మొదలైంది. అప్పటి అమీర్‌పేటలో మైత్రీవనం లేదు, ఫ్లెక్సీలు లేవు, పొద్దుగూకితే వీధిలో మనుషుల కంటే కుక్కలే ఎక్కువ. ఉన్న ఒక్క వింత ఆ స్టూడియో. ఎవరో పెద్ద నటుడు వస్తున్నాడని విని బడి ఎగ్గొట్టి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గేటు ముందు నిలబడ్డాను. నాకు కనిపించింది లారీలోంచి దించుతున్న ఒక గుర్రం. అది కూడా చిక్కి సగమైన గుర్రం.

సాయంత్రం నాన్న సచివాలయం నుంచి వచ్చి కాళ్లు కడుక్కొని, “బడికెళ్లావా?” అన్నారు. వెళ్లానన్నాను. ఏం చెప్పారన్నారు. పద్యం చెప్పారన్నాను. ఏ పద్యమన్నారు. ఏదో ఒక పద్యం ఎత్తుకున్నాను. మాస్టారు ఏ రంగు చొక్కా వేసుకొచ్చారన్నారు. తెల్లచొక్కా అన్నాను. ఆ తర్వాత చింతబరికె తీశారు. ఇంటికొచ్చే దారిలోనే కిరాణా కొట్టు దగ్గర మాస్టారు ఆయనకు కనిపించి, మీవాడు రాలేదేమని అడిగారట.

దెబ్బలు ఒంటి మీద రెండు రోజులున్నాయి. ఇంట్లో జరిగింది మాత్రం నాకు ఎక్కువ కాలం గుర్తుంది. నా పుస్తకాల సంచి అటక మీద దాచింది మా అక్క. దానికీ రెండు పడ్డాయి. అక్కను కొట్టారని నానమ్మ మూడు రోజులు కొడుకుతో మాట్లాడలేదు. నానమ్మ మాట్లాడలేదని నాన్న, వాళ్లిద్దరి మధ్య నలిగి అమ్మ, ఇద్దరూ సరిగా తినలేదు. గుర్రాన్ని చూసింది నేనొక్కణ్ణే. పస్తులు మాత్రం ఇల్లంతా ఉంది.

మర్నాడు పొద్దున్నే మాస్టారు మా ఇంటికొచ్చారు. “వాడు రాలేదని మీకు నేనే చెప్పాను కదండీ. తెలిసీ ఎందుకడిగారు?” అన్నారు. నిజం చెబుతాడేమోనని, అన్నారు నాన్న. “పిల్లలకు చెప్పని పాఠంలో పరీక్ష పెడితే కాపీ కొట్టక ఏం చేస్తారు?” అన్నారు మాస్టారు. జవాబు తెలిసిన ప్రశ్న పిల్లల్ని అడగకూడదన్నది ఆయన నియమం. లెక్కలు చేయలేదని తెలిస్తే “లెక్కలు చేయలేదు కదా, రా, ఇక్కడ కూర్చుని చెయ్” అనేవారు. “చేశావా?” అని అడగ్గా నేను ఎన్నడూ వినలేదు.

దీని వెనక శాస్త్రం ఉందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. పిల్లల అబద్ధాల మీద టొరంటోలో కాంగ్ లీ, మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో విక్టోరియా తల్వార్ చాలాకాలంగా పని చేస్తున్నారు. వాళ్ల పరీక్ష చిన్న ఆట. పిల్లవాణ్ణి గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి, వెనక ఒక బొమ్మ పెట్టి, చూడొద్దని చెప్పి పెద్దవాళ్లు బయటికెళతారు. చాలామంది తొంగిచూస్తారు. తిరిగొచ్చి “చూశావా?” అని అడుగుతారు. 2011లో పశ్చిమాఫ్రికాలో రెండు బడుల మీద వాళ్లు చేసిన అధ్యయనం వచ్చింది. ఒక బడిలో బెత్తం ఉంది, రెండోదాంట్లో లేదు. బెత్తం ఉన్న బడిలో మూడు నాలుగేళ్ల పిల్లలు ఎక్కువగా అబద్ధమాడారు. అంతేకాదు, ఆ అబద్ధాన్ని పట్టుబడకుండా నిలబెట్టుకోవడంలో రెండో బడి పిల్లల్ని మించిపోయారు. చింతబరికె నాకు నేర్పిందీ ఆ విద్యే.

2014లో మరో అధ్యయనం వచ్చింది. అది మాస్టారికి చదివి వినిపించినప్పుడు చేతికర్ర నేలకేసి కొట్టి నవ్వారు. మూడేళ్ల నుంచి ఏడేళ్ల వయసు పిల్లలు 268 మందికి ఈ ఆటే పెట్టి, “చూశావా?” అని అడిగే ముందు ఒక్కొక్కరికి ఒక్కో కథ చదివారు. కొందరికి మన గొర్రెల కాపరి కథ, కొందరికి అబద్ధమాడితే ముక్కు పెరిగే పినోకియో కథ, కొందరికి చెర్రీచెట్టు నరికి తండ్రి దగ్గర ఒప్పుకున్న జార్జి వాషింగ్టన్ కథ. కాపరి కథ, పినోకియో కథ ఏమీ పనిచేయలేదు. వాషింగ్టన్ కథ విన్నవాళ్లలో నిజం చెప్పినవాళ్లు పెరిగారు. తండ్రి కోప్పడకుండా మెచ్చుకుంటాడు చూడండి, ఆ ముగింపే పనిచేసింది. ముగింపును శిక్షగా మార్చి చదివితే ఆ కథ కూడా పనిచేయలేదు. ఇందులో ఇంకో చమత్కారం ఉంది. ఆ చెర్రీచెట్టు కథే కల్పన. వీమ్స్ అనే మతబోధకుడు వాషింగ్టన్ పోయాక ఆయన జీవితచరిత్ర 1806 ముద్రణలో చేర్చాడు. పిల్లల చేత నిజం చెప్పించింది ఒక పెద్దమనిషి ఆడిన అబద్ధం.

గాంధీగారి తండ్రి కథలో మాత్రం కల్పన లేదు. పదిహేనేళ్లప్పుడు గాంధీగారు తన అన్న చేతి బంగారు కడియంలోంచి చిన్న ముక్క దొంగిలించారు. నోట చెప్పలేక కాగితం మీద రాసి, జబ్బుతో బల్ల మీద పడుకొని ఉన్న తండ్రి చేతికిచ్చారు. తండ్రి లేచి కూర్చుని చదివారు, కన్నీళ్లు కార్చారు, కాగితం చింపేసి మళ్లీ పడుకున్నారు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఇక మా మేడ మీదికి వద్దాం. 2002లో మా ఆవిడ పైన రెండంతస్తులు లేపి హాస్టల్ పెట్టింది. 24 మంచాలు, పొద్దున ఉప్మా, ఆదివారం చికెన్. సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లుండే ఆదిత్య ఎన్‌క్లేవ్‌కి నడిచి వెళ్లేంత దూరం. అప్పట్లో ఒరాకిల్, జావా, శాప్ అని పాంప్లెట్లు పంచేవారు, ఇప్పుడు డేటా సైన్స్, డెవాప్స్ అని పంచుతున్నారు. కాగితం రంగులు కూడా మారలేదు.

రాత్రి తొమ్మిదికి పిల్లలంతా మెట్ల మీదికొచ్చేవారు. సిగ్నల్ అక్కడే బాగా వచ్చేది. నేను కింద వరండాలో పేపర్లు దిద్దుకుంటూ కూర్చునేవాణ్ణి. విననట్టు వినడం అలవాటైపోయింది. “తిన్న అమ్మా.” “డెమో బాగుంది నాన్నా.” “హెచ్ఆర్ రౌండ్ ఒక్కటే మిగిలింది.” వ్యాకరణం చెప్పుకొని బతికినవాణ్ణి కాబట్టి ఒకటి పసిగట్టాను. “ఉద్యోగం వస్తుంది” అన్నన్ని రోజులు ఆ గొంతులో ఆశ ఉండేది. ఒకరోజు అది “వచ్చింది” అయ్యేది. అది నిజమైన రోజున వాడు మెట్ల మీద నిలబడడు, కిందికి ఉరికొచ్చి స్వీటు డబ్బా చేతిలో పెడతాడు. మెట్ల మీదే ఉండి గొంతు తగ్గించి “వచ్చింది” అన్నాడంటే రాలేదన్నమాట. వాడు మార్చింది క్రియ ఒక్కటే.

చిన్నప్పుడు నాన్న రావాలని పులి అని కేక వేసిన పిల్లలే పెద్దయ్యాక నాన్న రాకూడదని “అంతా బాగుంది” అంటారు. ఈ గంటసేపట్లో నేను చెప్పదలచుకున్నది ఇదే. తక్కినదంతా దీనికి ఉదాహరణ.

అబద్ధాలన్నీ పిల్లల సొంతమూ కావు. “మూడేళ్లు ఫేక్ పెట్టి జాబ్ కొట్టిండు” అనే మాట మా గల్లీలో ఎంత మామూలంటే, ముగ్గు పెట్టడం, పచ్చడి పెట్టడం లాగా ఫేక్ పెట్టడం ఒక ఇంటిపని అయిపోయింది. అంటే చేయని కంపెనీలో మూడేళ్లు పని చేసినట్టు కాగితాలు పుట్టించడం. వాటికి డబ్బు కట్టడానికి ఊళ్లో పొలం కుదువపెట్టి వచ్చిన తండ్రిని మా వరండాలోనే చూశాను. కొడుకు తల దించుకొని ఉన్నాడు, తండ్రి నోట్లు లెక్కపెడుతున్నాడు. ఈసపులోనే ఇంకో కథ ఉంది. బళ్లో తోటివాడి పలక దొంగిలించుకొస్తే తల్లి మెచ్చుకుంటుంది. ఆ కొడుకు పెద్ద దొంగై, శిక్షకు తీసుకెళుతుంటే తల్లిని దగ్గరికి పిలిచి చెవి కొరుకుతాడు. మన వాచకాల్లోనూ చదువుకున్నాం. మా వరండాలో మటుకు ఎవరి చెవి ఎవరు కొరకాలో నాకు తేలలేదు.

2009 జనవరి 7న మేడ మీది పిల్లలంతా మా టీవీ ముందు కూర్చున్నారు. సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు రాసిన ఉత్తరం ఆ రోజే బయటపడింది. లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్లు లేనే లేవని ఒప్పుకున్నాడాయన. 53 వేల మంది పనిచేస్తున్న సంస్థ, దాని పేరు సత్యం, కొడుకుల సంస్థలకు ఆ పేరే తిరగేసి పెట్టిన మేటాస్. 2015 ఏప్రిల్‌లో కోర్టు ఆయనకూ ఇద్దరు తమ్ముళ్లకూ మరికొందరికీ ఏడేళ్ల శిక్ష వేసింది. ఆ పెద్ద అంకెలు అటుంచండి. ఆ ఉత్తరంలో రెండు మాటలు నన్ను పట్టుకున్నాయి. మొదట తేడా చిన్నదే, ఏటేటా పెరిగిందన్నది ఒకటి. పులి మీద స్వారీ చేస్తున్నట్టయింది, దిగితే అది తినేస్తుంది, ఎలా దిగాలో తెలియలేదన్నది రెండోది. టీవీలో ఆ మాట రాగానే ఒక పిల్లవాడు “పులి నిజంగనే వచ్చింది సార్” అన్నాడు. అందరూ నవ్వారు. ఒకడు నవ్వలేదు. వాడికి రెండు సబ్జెక్టులు మిగిలి ఉన్నాయని, ఇంట్లో పాసయ్యానని చెప్పాడని నాకు తెలుసు.

అమెరికా సంగతి క్లుప్తంగా చెప్పి దాటేస్తాను. 2011లో కాలిఫోర్నియాలో వీసాల మోసం బయటపడి ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడితే మన పిల్లల కాళ్లకు జీపీఎస్ పట్టీలు వేశారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ మొత్తం వల అని తేలింది. క్లాసుల్లేని ఆ చదువును అమెరికా ప్రభుత్వమే తన అధికారులతో నడిపించింది. మొదట అరెస్టయిన 130 మందిలో ఒక్కరు తప్ప అందరూ భారతీయులు, చాలామంది తెలుగువాళ్లు. పిల్లలు ఇంటికి అబద్ధం చెప్పారు, ప్రభుత్వం పిల్లలకు అబద్ధం చెప్పింది. ఇక్కడ తల్లిదండ్రులు “మావాడు మాస్టర్స్ చేస్తున్నాడు” అని పక్కింటివాళ్లకు చెబుతూనే ఉన్నారు.

ఆ 2019 ఎండాకాలంలోనే ఇక్కడ ఇంకోటి జరిగింది. ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చాయి. మూడు లక్షల మందికి పైగా ఫెయిలయ్యారు. “నేను బాగానే రాశాను నాన్నా” అని పిల్లలు మొత్తుకున్నారు. ఎన్ని ఇళ్లలో నమ్మారు? మంచిర్యాల జిల్లాలో ఒకమ్మాయికి తెలుగులో సున్నా వచ్చింది. మళ్లీ చూస్తే 99. తెలుగు మాస్టార్ని కనుక ఆ సున్నా నాకు గుచ్చుకుంది. ఆ కొద్ది రోజుల్లోనే ఇరవై మంది దాకా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఈ కథలో పిల్లవాడు మొదటిసారే నిజం చెప్పాడు, పులి కాగితం రూపంలో వచ్చింది, మనం కాగితాన్ని నమ్మాం. దీని గురించి ఇంకా మాట్లాడితే నా గొంతు నా మాట వినదు.

ఆ వేసవిలోనే మా మేడ మీద ఒక పిల్లవాడుండేవాడు. పేరు, ఊరు చెప్పను. తెలంగాణ పల్లె, మెతక మనిషి, కంచం ఎవరిది వాళ్లే కడగాలన్న మా ఆవిడ రూలును పాటించిన ఏకైక మగపిల్లాడు. టెస్టింగ్ కోర్సు చేశాడు, ఎక్కడా తగల్లేదు. ఇంట్లో మాత్రం హైటెక్ సిటీలో ఉద్యోగమని చెప్పాడు. అప్పటికి మెట్రో హైటెక్ సిటీ దాకా మొదలై నెల దాటింది. రోజూ పొద్దున ఇస్త్రీ చొక్కా, మెడలో ఏదో పాత ట్యాగు వేసుకొని అమీర్‌పేట స్టేషన్ మెట్లెక్కేవాడు. గంటలో తిరిగొచ్చి, మా వాచ్‌మన్ గదిలో దాచిన సంచి భుజాన వేసుకొని, టీషర్టు మార్చుకొని పంజాగుట్ట, సోమాజిగూడల్లో అన్నం పార్శిళ్లు అందించేవాడు. నెలకు ఎనిమిది వేలు ఇంటికి పంపేవాడు. ఆ డబ్బులో ఒక్క రూపాయి దొంగది లేదు. ఆ చెమటకు పెట్టిన పేరే అబద్ధం.

ఒక మధ్యాహ్నం వాళ్లమ్మ నుంచి నాకు ఫోన్ వచ్చింది. “సారూ, మీ దగ్గరుండే పోరని అమ్మను. ఆయనకు గుండెల నొప్పొస్తే నిమ్స్‌కు తెచ్చినం. ఐదు దినాలైంది. మావోనికి చెప్పకుండ్రి. కొత్త నౌకరి, సెలవడిగితే తీసేస్తరేమో, చెప్పొద్దని ఆయన ఒట్టేయించుకున్నడు.”

మరి నాకెందుకు ఫోన్ చేశారమ్మా, అన్నాను.

“వాడు మంచిగున్నడా అని. ఫోన్‌ల మంచిగనే ఉన్న అంటడు. ఉగాదికి వచ్చినప్పుడు చూసిన, మస్తు నల్లగైండు. ఏసీల కూసుండేటోడు అంత నల్లగెట్లయితడు సారూ?”

అంటే ఆమెకు తెలుసు. తర్వాత అర్థమైంది, వాళ్ల అక్కకూ తెలుసు. ఒకరోజు ఫోన్ చేస్తే వెనక “ఆర్డర్ రెడీనా” అన్న మాట వినబడిందట. అప్పుడే ఆ అమ్మాయికి సంబంధం కుదురుతోంది. తమ్ముడిది సాఫ్ట్‌వేర్ అని మగపెళ్లివారికి చెప్పి ఉన్నారు. “నా పెండ్లి కోసం నేనూ ఊకున్న సార్” అని తలొంచుకొని చెప్పింది.

లెక్క వేసి చూడండి. కొడుకు తండ్రికి చెప్పలేదు. కొడుకు ఉద్యోగం నిజమని నమ్మిన తండ్రి, ఆ ఉద్యోగాన్ని కాపాడటానికి తన గుండెనొప్పి కొడుక్కి చెప్పలేదు. తల్లి తనకు తెలిసింది భర్తకు చెప్పలేదు, అక్క తనకు తెలిసింది తల్లికి చెప్పలేదు. ఇప్పుడు నేనూ వరసలో చేరాను. పట్టించుకోని ఇల్లయితే ఒక అబద్ధం ఒక మూల పడి ఉండేది. వీళ్లకు ఒకరి మీద ఒకరికి ప్రాణం కనుక నలుగురూ కలిసి దాన్ని మోశారు. పంజాగుట్ట చౌరస్తాకు ఒక పక్క తండ్రి ఊళ్లో ఉన్నానంటూ పడుకున్నాడు. అదే చౌరస్తా మీదుగా కొడుకు ఆఫీసులో ఉన్నానంటూ రోజుకు పదిసార్లు తిరుగుతున్నాడు. ఆ ఆసుపత్రి ఎదురుగా టీ తాగి ఉంటాడు కూడా.

సాయంత్రం మాస్టారి దగ్గరికెళ్లాను. అప్పటికాయనకు ఎనభై దాటాయి, చెవికి మిషను. అంతా చెప్పి, వాణ్ణి పిలిచి ఎక్కడ పని చేస్తున్నావురా అని గట్టిగా అడుగుతానన్నాను.

“నీకు తెలుసు కదా” అన్నారు.

తెలుసండీ.

“మరి ఎందుకడుగుతావు?”

కాసేపు ఆగి, మళ్లీ గ్రీకుల దగ్గరికే వెళ్లారాయన. ఒడిస్సీ చివర్లో ఒక ఘట్టం ఉంది. ఇరవై ఏళ్ల తర్వాత ఒడిస్సియస్ ఇల్లు చేరతాడు. శత్రువులందర్నీ చంపేశాడు, ఇక దాక్కోవలసిన పని లేదు. తోటలో చిరిగిన బట్టలతో చెట్టు పాదు తవ్వుతున్న ముసలి తండ్రి లయర్టీస్ దగ్గరికెళ్లి కూడా నేనెవరో పరాయివాణ్ణని కట్టుకథ చెబుతాడు. అవసరం లేని అబద్ధం, అలవాటు మీద వచ్చేసింది. కొడుకు మీద బెంగతో తండ్రి దోసిళ్లతో మన్ను ఎత్తి తల మీద పోసుకుంటాడు. అప్పుడు ఆ మోసగాడి గుండె కదులుతుంది. నేనే నీ కొడుకునంటాడు. తండ్రి గుర్తు అడుగుతాడు. పాత గాయం మచ్చ చూపిస్తాడు, ఆ తర్వాత చిన్నప్పుడు నాన్న వెనకాలే తోటలో తిరుగుతూ అడిగి ఇప్పించుకున్న చెట్లు చెబుతాడు. పదమూడు బేరి, పది యాపిల్, నలభై అత్తి, యాభై వరసల ద్రాక్ష. “ఏ నేలలో ఏం చేశాడో ఆ తండ్రి అడగలేదు. చెట్ల లెక్క కుదిరింది, చాలు, అని కొడుకును పట్టుకొని సొమ్మసిల్లాడు” అన్నారు మాస్టారు. ఆ అంకెలు ఆయనకు నోటికొచ్చు. జీతం లెక్క మాత్రం ఎప్పుడూ తప్పు చెప్పేవారని అమ్మగారు ఇక్కడే ఉండి నవ్వుతున్నారు.

మర్నాడు మంగళవారం. పదకొండింటికి వాచ్‌మన్ గది దగ్గర వాణ్ణి పట్టుకున్నాను. అప్పుడే టీషర్టు మార్చుకొని సంచి జిప్పు లాగుతున్నాడు. నన్ను చూసి బిగుసుకుపోయాడు. ఏమీ అడగలేదు నేను. “మీ బాపు నిమ్స్‌లో ఉన్నడు. ఆరు రోజులైంది. ఇప్పుడు బాగనే ఉన్నడు. నేను వెళ్తున్న, నువ్వూ రా” అన్నాను.

సంచి కింద పెట్టి, మేకుకు తగిలించిన ఇస్త్రీ చొక్కా చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు దాన్ని పట్టుకొని కూర్చున్నాడు. నేను బయట ఎండలో నిలబడ్డాను. వచ్చేటప్పుడు ఆ చొక్కా మేకుకే ఉంది. టీషర్టుతోనే వచ్చాడు. ఆటో పిలుస్తానంటే వద్దన్నాడు. మెట్రో స్తంభాల నీడ వెంటే పంజాగుట్ట దాకా నడిచాం. దారిలో ఒక్క మాట లేదు. ఫ్లైఓవర్ దగ్గర ఒకసారి ఆగి కొళాయి నీళ్లతో మొహం కడుక్కున్నాడు.

వార్డులో తల్లి ముందు చూసింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తండ్రి కళ్లు తెరిచాడు. ఆఫీసు పని వేళ, మంగళవారం, వీపంతా చెమట మరకలున్న రంగు టీషర్టు, గుండెల మీద అన్నం పార్శిల్ బొమ్మ. ఆయన దాన్ని చూశాడు. నిదానంగా, పైనుంచి కింది దాకా చూశాడు. కొడుకు మంచానికి రెండడుగుల దూరంలో ఆగిపోయాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో వాడికి తెలియలేదు.

“ఎండల నడిచొచ్చినవా బిడ్డా?” అన్నాడు తండ్రి. అని, కాళ్లు ముడుచుకొని మంచం మీద చోటిచ్చాడు.